వాట్‌గంజ్ వాట్సన్, చెమ్మగిల్లిన తుపాకి మందు

కలకత్తా రేవు ప్రాంతంలోని వాట్‌గంజ్‌కు ఆ పేరు కర్నల్ హెన్రీ వాట్సన్ మూలంగా వచ్చింది. ఈస్టిండియా కంపెనీ ఇంజనీరైన ఆయన కిదిర్‌పూర్‌లో ఓడల నిర్మాణానికి పూనుకొన్నాడు. అయితే ఆయన పేరు మరొక ఘటనతోనూ చరిత్రకెక్కింది.

1780 ఆగస్టు 17న అలీపూర్‌లో గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్‌కు, పాలక మండలి సభ్యుడు ఫిలిప్ ఫ్రాన్సిస్‌కు పిస్తోళ్లతో ద్వంద్వయుద్ధం జరిగింది. ఫ్రాన్సిస్ పక్షాన వాట్సన్, హేస్టింగ్స్ పక్షాన కర్నల్ పియర్స్ నిలిచారు. ఇరువురి మధ్య దూరం పద్నాలుగు అంగలు.

ఆనాటి పిస్తోలుకు మందు, గుండు గొట్టం మూతి నుండే దట్టించాలి. పైకి ప్రముఖంగా కనిపించేది చెకుముకి రాయిని పట్టుకొన్న కొక్కెం. దానిని నడిపే యంత్రమంతా పక్క రేకు చాటున దాగి ఉంటుంది. అందులో బలమైన స్ప్రింగు, గాళ్లున్న బిళ్ల, ఆ గాడిలో చిక్కుకొనే చిన్న ముక్క ఉంటాయి. కొక్కెం సగం ఎత్తితే ఆ ముక్క లోతైన గాడిలో చిక్కి, పిస్తోలు పేలకుండా నిలుస్తుంది. పూర్తిగా ఎత్తి మీట నొక్కితే స్ప్రింగు విడివడుతుంది. రాయి ఉక్కును తాకి, రవ్వలు రంజకంపై రాలుతాయి. ఆ మంట సన్నని రంధ్రం గుండా గొట్టంలోని మందుకు అంటుకొంటుంది.

యంత్రం ఎంత నిర్దుష్టమైనా మందు పొడిగా లేకపోతే వ్యర్థమే. ఆనాడు ఫ్రాన్సిస్ మీట నొక్కినా, చెమ్మగిల్లిన మందు పేలలేదు. ప్రత్యర్థి పక్షపు పియర్సే ఆయనకు వేరే మందు సమకూర్చాడు. తరువాత ఫ్రాన్సిస్ గురి తప్పింది. హేస్టింగ్స్ గుండు తగిలి ఆయన కూలిపోయాడు, కాని బ్రతికాడు. స్వదేశం చేరి, హేస్టింగ్స్‌పై 1788 నుండి 1795 వరకు సాగిన అభిశంసన విచారణకు వెనుక నుండి బలం చేకూర్చాడు.

వారు పోరాడినది బెంగాలుపై అధికారం కోసం. బెంగాలు ప్రజలను మాత్రం ఎవరూ అడగలేదు.