రేకుబిళ్ల ఖరీదు

న్యూయార్క్ టాక్సీల మాట వస్తే, ఊబర్ వచ్చింది, పాతవాళ్లు మునిగారు అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఆ లెక్కలో నగర ప్రభుత్వం ఎక్కడా కనిపించదు. నాకైతే ఈ కథ 1937లోనే మొదలైందనిపిస్తుంది.

ఆర్థికమాంద్యం రోజులవి. రోడ్ల మీద టాక్సీలు ఎక్కువైపోయి డ్రైవర్లకు పూట గడవడం కష్టంగా ఉండేది. హాస్ చట్టం తెచ్చి నగరం వాటి సంఖ్యకు హద్దు పెట్టింది. బానెట్ మీద మెడాలియన్ అనే రేకుబిళ్ల ఉంటేనే వీధిలో చెయ్యెత్తినవాళ్లని ఎక్కించుకోవాలి. ఆ బిళ్లని కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు. అలా లైసెన్సు కాస్తా ఆస్తి అయి కూర్చుంది. తర్వాత్తర్వాత నగరమే కొత్త బిళ్లల్ని వేలం వేసి ఖజానా నింపుకుంది. 2014 నాటికి ఒక్కోదాని ధర 10 లక్షల డాలర్లు దాటింది. వలస వచ్చిన డ్రైవర్లు ఎందరో అప్పులు చేసి మరీ కొన్నారు.

ఊబర్ 2011లో దిగింది. యాప్‌లో పిలిచే కారుకి ఈ బిళ్ల అక్కర్లేదు. అలాంటి కార్లకి పరిమితి పెట్టాలని 2015లో మేయర్ డి బ్లాసియో ప్రయత్నించి వెనక్కి తగ్గారు. 2018లో, కొందరు డ్రైవర్లు ప్రాణాలు తీసుకున్నాక, కౌన్సిల్ కొత్త లైసెన్సులు ఆపింది. 2021లో 15 రోజులు నిరాహారదీక్ష చేస్తే గానీ ఆ అప్పులకు నగరం పూచీ పడలేదు.

కొత్త టెక్నాలజీకి రూల్స్ ఆలస్యంగానే వస్తాయి, నిజమే. కానీ ఇక్కడ నగరం కాపలాదారు మాత్రమే కాదు, అమ్మకందారు కూడా. ఆ ఆలస్యం ఖరీదు మాత్రం కొన్నవాళ్లే కట్టారు.