పడకబండి పూర్వకథ

మన సంఘములోని కొన్ని కుటుంబములవారు కలసి, లోపల పడుకొనుటకు వీలున్న పాతకాలపు మోటారు వ్యాను ఒకటి వుమ్మడిగా కొనవలెనని కొంతకాలముగా అనుకొంటున్నారు. ఇది సరదా కోసం పుట్టిన కోరిక కాదు. 1953లో తుంగభద్ర ఆనకట్ట నీరు కాలువలకు వచ్చిన తర్వాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుండి కదలివచ్చి, కంప్లి, గంగావతి, సిరుగుప్ప ప్రాంతములలో క్యాంపులు కట్టుకొన్న మన పెద్దలలో చాలమంది ఇప్పుడు లేరు. వున్న కొద్దిమందికి కన్నవూరు మరొక్కసారి చూడవలెనని వుంది. రాత్రి తెల్లవార్లూ బస్సు సీటులో కూర్చొనే శక్తి వారికి లేదు. రైలుకు హొసపేటకో బళ్లారికో పోవలెను. దిగిన తర్వాత పల్లెకు చేరుట మరొక ప్రయాణము. కాబట్టి నడుము వాల్చుకొంటూ పోగల బండి ఏదని వెతుకుట న్యాయమే.

మేము రైల్వేలో గుమాస్తా పని చేయువారము. చదువు మెట్రిక్యులేషనుతో ఆగింది. మోటారు శాస్త్రము మాకు రాదు గాని, పడకల లెక్క మా ఉద్యోగములోనిదే. అందుచేత బండి కొనేముందు పడకబండి చరిత్ర కొంత చెప్పుకొంటే మేలని తోచి యీ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పడకబండికీ మన కంప్లికీ సంబంధమేమిటని చదువరులు నవ్వవచ్చును. కాని సంబంధము వున్నది. కంప్లి ఒకప్పుడు కంపిలి రాజ్యమునకు పేరిచ్చిన వూరు. ఢిల్లీ సుల్తాను మహమ్మద్ బిన్ తుగ్లక్ మీద తిరుగుబాటు చేసిన అతని బంధువు బహావుద్దీన్ గుర్షాస్ప్ పారివచ్చి కంపిలిరాయని శరణు కోరినాడు. రాయడు అతనిని పట్టియిచ్చుటకు ఒప్పుకొనక, 1327లో సుల్తాను సేనలతో పోరాడి ప్రాణము విడిచినాడు. యీ కథను వ్రాసిపెట్టినవారిలో మొరాకో దేశపు యాత్రికుడు ఇబన్ బతూతా ఒకడు. కంపిలిరాయని కుమారులను తాను ఢిల్లీలో చూచినట్లు కూడా ఆయన చెప్పుకొన్నాడు.

ఆ ఇబన్ బతూతాయే 1333లో సింధునది చేరుటకు ముందు నల్లసముద్రమునకు ఉత్తరమున వున్న గడ్డిమైదానములు దాటి వచ్చినాడు. అక్కడివారి బండ్లను చూచి మురిసిపోయి వర్ణించినాడు. నాలుగు పెద్ద చక్రములు. గుర్రములో, ఎద్దులో, ఒంటెలో లాగుతాయి. బండిమీద సన్నని కర్రలను తోలుపట్టీలతో కట్టి, పైన కంబళి కప్పిన గూడు. ఆ గూటికి జాలి కిటికీలు. లోపలి మనిషి బయటివారిని చూడగలడుగాని బయటివారికి తాను కనుపించడు. బండి నడుస్తుండగానే తినవచ్చు, చదువుకోవచ్చు, వ్రాసుకోవచ్చు, నిద్రపోవచ్చు. నేడు మనవారు కోరుతున్నది ఇదే గదా!

ఇక్కడ మనము గమనించవలసిన విషయము ఒకటి వున్నది. ఆయన అందరికీ కలిపి ఒకే బండి తీసుకోలేదు. తన పడకకు ఒకటి, తోటి మిత్రునికి చిన్నది ఒకటి, మిగిలిన పరివారమునకు మూడు ఒంటెలు లాగే పెద్దబండి ఒకటి, మొత్తం మూడు బండ్లు కుదుర్చుకొన్నాడు. ఎందరు పడుకోవలెనో ముందు లెక్కించి, తర్వాత బండి చూచినాడు. మనవారు ముందు బండి చూచి, తర్వాత మనుషులను లెక్కిస్తున్నారు.

మన గూడుబండి సంగతి పెద్దలకు చెప్పనక్కరలేదు. వెదురుబద్దలు వంచి, చాప కప్పి, అడుగున వరిగడ్డి పరచి, దానిమీద బొంతో జంపఖానావో వేస్తే బాలింతరాలు కూడా సుఖముగా పుట్టింటికి పోయేది. కాని కాళ్లు చాపి పడుకొనేందుకు ఇద్దరికే చోటు. తక్కినవారు ముడుచుకొని కూర్చొనవలసిందే. పైగా రెండు చక్రముల బండిలో బరువు ఇరుసుకు ముందూ వెనుకా సరిగా సర్దకపోతే, ముందు బరువైనప్పుడు కాడి ఎద్దుల మెడ నొక్కుతుంది, వెనుక బరువైనప్పుడు నొగలు పైకి లేస్తాయి. చోటుతోబాటు బరువు కూడా చూడవలెనన్న జ్ఞానము మన బండివానికి పుస్తకము చదవకుండానే తెలుసు.

1830 మే 18వ తేదీన ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి ఇల్లు చేరినారు. సుమారు నూరుమంది పరివారము. పల్లకీలో ఒక మనిషి ఒరుగుటకు వీలున్నది, నిజమే. కాని ఆ ఒక్కరి సుఖము కోసం ఎందరో బోయీలు భుజములు అరగదీసుకొనవలెను. అందరికీ అందే పడక అది కాదు.

ఆ పడకను సామాన్యునికి అందించినది రైలు. 1860 దశకములో అమెరికాలో పుల్‌మన్ అను ఆయన పగటి సీటునే రాత్రి పడకగా మార్చే పెట్టెలను ప్రచారములోనికి తెచ్చినారు. మన దేశములో పెరంబూరు ఫ్యాక్టరీలో తయారైన మామూలు స్లీపరు పెట్టెలో 72 బెర్తులు. ఎనిమిదేసి చొప్పున తొమ్మిది వరుసలు. మధ్య బెర్తు రాత్రి 10 గంటలనుండి ఉదయం 6 గంటలవరకే వేసుకొనవలెనని నియమము, ఎందుకంటే అది దింపనిదే క్రిందివారు కూర్చొనలేరు. యీ చిన్న నియమములో పడకబండి రహస్యమంతా వున్నది. పగటి చోటూ రాత్రి చోటూ ఒకటే. ఒకటి విప్పితేగాని రెండవది లేదు.

రోడ్డుమీద వినోదయాత్రకని ప్రత్యేకముగా ఇల్లులాంటి బండి కట్టించుకొన్నవారిలో మొదటివాడుగా గార్డన్ స్టేబుల్స్ అను డాక్టరును చెబుతారు. 1885లో ఇంగ్లండులో ఆయన కట్టించిన 'వాండరర్' బండి సుమారు రెండు టన్నుల బరువు. రెండు గుర్రములు లాగేవి. అంత బరువూ ముఖ్యముగా ఒక దొరగారి పడకకే.

మన యువకులు బొమ్మలలో చూచి ముచ్చటపడుతున్న వోక్స్‌వాగన్ వ్యాను తర్వాతి కాలపుది. 1947లో బెన్ పాన్ అను డచ్చి వర్తకుడు కాగితముమీద గీచిన గీతలనుండి పుట్టి, 1950లో జర్మనీలో తయారు కాసాగింది. 1951 నుండి వెస్ట్‌ఫాలియా కంపెనీవారు దానిలో పడక, అలమర అమర్చి యిచ్చినారు. 1967 తర్వాతి రకము పొడవు సుమారు నాలుగున్నర మీటర్లు, వెడల్పు మీటరున్నర పైచిలుకు. ఇంజను వెనుక వుంటుంది గనుక పడకలో కొంత భాగము దానిమీదనే వస్తుంది. ఇంగ్లండులో మార్టిన్ వాల్టర్ కంపెనీవారు బెడ్‌ఫోర్డ్ వ్యానుమీద 'డార్మొబైల్' అను రకమును చేసి, పైకప్పును ఒక ప్రక్కకు లేపి, అందులో రెండు వ్రేలాడు పడకలు పెట్టినారు. క్రింద ఇద్దరు, పైన ఇద్దరు. ఆ పై పడకలకు ఎక్కి దిగుట పిల్లలకు ఆట. మన అవ్వలకు మాత్రం అసాధ్యము.

కాబట్టి "ఎనిమిదిమంది పట్టే వ్యాను" అన్నమాట విని మోసపోరాదు. అది కూర్చొనే లెక్క. పెద్దమనిషికి ఆరడుగుల పొడవు, కనీసం రెండడుగుల వెడల్పు కావలెను. అయిదడుగుల వెడల్పుగల వ్యానులో పెద్దలు అడ్డముగా పడుకోలేరు, నిలువుగానే పడుకోవలెను. అలమర తీసేస్తే ఇద్దరు పెద్దలు, మధ్య ఒక పసిబిడ్డ. అంతే. మా సలహా ఏమనగా, బేరమునకు పోకముందు బండి లోపలి కొలతలు తెప్పించి, సంఘము హాలులో సుద్దతో గీతలు గీచి, చాపలు వేసి, ప్రయాణమునకు వచ్చేవారినే పడుకోబెట్టి చూడవలెను. రాత్రి లేచి బయటకు పోవుటకు ఎవరిని త్రొక్కవలసివస్తుందో అప్పుడే తెలుస్తుంది. ఆ పరీక్షకు ఖర్చు ఒక సుద్దముక్క.

ఇక చట్టము. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము పురాతన వాహనములకు వేరే నియమములు ప్రకటించినది. మొదటి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, మొదటి రూపము పెద్దగా చెడకుండా వున్న బండికే ఆ గౌరవము. రిజిస్ట్రేషను రుసుము 20,000 రూపాయలు, గడువు పదేండ్లు. అయితే ఆ బండిని ప్రదర్శనలకు, పాతబండ్ల ర్యాలీలకు, మరమ్మతులకు, అటువంటి పనులకే రోడ్డెక్కించవలెను. నిత్య ప్రయాణములకుగాని, బాడుగకుగాని పనికిరాదు. లోపల కోసి పడకలు వేస్తే మొదటి రూపము చెడుతుంది. అంటే పురాతనమన్న ముద్ర వేయించుకొన్న బండిలో అమ్మమ్మను గోదావరికి తీసుకొనిపోవుట కుదరదు. ఆ ముద్ర లేని బండినైనా, రిజిస్ట్రేషను కాగితములో వున్న వివరములకు భిన్నముగా మార్చవలెనంటే అధికారుల అనుమతి వుండవలెను.

అందుచేత మాకు తోచినది ఇది. అందము కోసమైతే పాత వోక్స్‌వాగనును ర్యాలీకి వుంచుకొనవచ్చును. పెద్దల ప్రయాణమునకైతే, మామూలు రిజిస్ట్రేషనుతో, విడిభాగములు బళ్లారిలోనో హొసపేటలోనో దొరికే టెంపో ట్రావెలరువంటి బండి చూచి, అనుమతితో రెండే రెండు తగ్గు పడకలు వేయించుట మేలు. బండి ఆపిన తర్వాతనే పడక విప్పవలెను. నడిచేటప్పుడు సీటులో బెల్టు కట్టుకొని కూర్చొనవలసిందే. ఇంజను నడుస్తుండగా తలుపులు మూసి నిద్రపోరాదు. ఆ పొగలోని విషవాయువునకు వాసన లేదు. గంట గంటన్నరకు ఒకసారి ఆగి, పెద్దలకు నడుము వాల్చుకొనే అవకాశము ఇస్తే చాలు. వయసులో వున్నవారము మనము సత్రములో చాప వేసుకొందాము.

శరణన్నవానికి చోటిచ్చి ప్రాణములిచ్చిన రాయని వూరిలో మనము బ్రతుకుతున్నాము. మనలను యీ నేలకు తెచ్చి నిలబెట్టిన ముసలి ప్రాణములకు ఆరడుగుల చోటు మొదట తీసిపెట్టి, తర్వాత తక్కిన సీట్లు పంచుకొందాము. యీ కొత్త సంవత్సరములో, తుంగభద్ర పొంగి కంప్లి వంతెన మునిగే వానకాలము రాకముందే, ఆ బండి బయలుదేరుగాక!