విశ్వవిద్యాలయం – పరిసర సమాజం: శ్రీనికేతన్ అనుభవం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు:

• విశ్వవిద్యాలయం తన చుట్టూ ఉన్న గ్రామాలతో కలిసి పనిచేయాలన్న ఆలోచన ఎలా రూపుదిద్దుకుంది
• శ్రీనికేతన్‌లో ఆ ఆలోచన ఏ విధంగా ఆచరణలోకి వచ్చింది
• ఆ ప్రయోగానికి ఉన్న పరిమితులు ఏమిటి, తెలుగు ప్రాంతంతో దానికి ఉన్న సంబంధం ఏమిటి

1. పరిచయం

మన దేశంలో ఆధునిక విశ్వవిద్యాలయాలు 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో ఏర్పడ్డాయి. తొలి దశలో అవి ప్రధానంగా పరీక్షలు జరిపి పట్టాలు ఇచ్చే సంస్థలు. బోధన అనుబంధ కళాశాలల్లో జరిగేది. పల్లె నుంచి వెళ్ళి పట్టా పుచ్చుకున్న యువకుడు కచేరీలోనో కోర్టులోనో స్థిరపడేవాడు. అతడు చదివిన చదువులో అతని ఊరి చెరువు, పొలం, ఏటేటా వచ్చే జ్వరం పాఠాలుగా లేవు.

ఈ దూరాన్ని తగ్గించడానికి జరిగిన తొలి గట్టి ప్రయత్నాల్లో శ్రీనికేతన్ ఒకటి. రవీంద్రనాథ్ ఠాగూర్ కవిగా, శాంతినికేతన్ స్థాపకుడిగా మీకు తెలుసు. అక్కడికి దాదాపు మూడు కిలోమీటర్ల దూరంలో ఆయన నెలకొల్పిన శ్రీనికేతన్ గురించి మన పాఠ్యపుస్తకాలు తక్కువగా చెబుతాయి. ‘విశ్వవిద్యాలయం ఊరికి ఏం ఇచ్చింది?’ అన్న ప్రశ్నతో పాటు, ‘ఆ పనిలో ఊరికి ఎంత పాలు దక్కింది?’ అన్న ప్రశ్నను కూడా మనసులో ఉంచుకుని ఈ పాఠం చదవండి.

2. నేపథ్యం

శ్రీనికేతన్ వెనుక రెండు వేర్వేరు అనుభవాలు ఉన్నాయి.

మొదటిది ఠాగూర్ సొంత అనుభవం. 1890ల నుంచి ఆయన తూర్పు బెంగాల్‌లోని కుటుంబ జమీందారీ వ్యవహారాలు చూశారు. రైతుల అప్పులు, రోగాలు, నిస్సహాయత దగ్గరగా గమనించారు. పతిసర్‌లో 1905లో రైతుల కోసం ఒక వ్యవసాయ బ్యాంకు పెట్టారు. తరవాత తన నోబెల్ బహుమతి సొమ్మును కూడా అందులో ఉంచారు. ఆ బ్యాంకు నిలవలేదు. డబ్బు ఒక్కటే సమకూర్చితే గ్రామం కోలుకోదని ఈ అనుభవం చూపించింది.

రెండవది అమెరికా అనుభవం. అక్కడ 1862లో చేసిన మోరిల్ చట్టం ప్రకారం, కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు భూములు కేటాయించింది. వాటి ఆదాయంతో వ్యవసాయం, యంత్రవిద్య బోధించే కళాశాలలు ఏర్పడ్డాయి. వీటికి ల్యాండ్ గ్రాంట్ సంస్థలని పేరు. 1914లో వచ్చిన స్మిత్–లీవర్ చట్టం మరో అడుగు వేసి, ఈ సంస్థల పరిజ్ఞానాన్ని రైతు ఇంటి దాకా చేర్చే విస్తరణ సేవలకు నిధులు ఇచ్చింది. అయితే ఒక విషయం మరచిపోకూడదు. ఆ విద్యాసంస్థలకు ఆధారమైన భూముల్లో అధిక భాగం అక్కడి ఆదివాసీ జాతుల నుంచి తీసుకున్నవే. సమాజానికి సేవ చేయాలని పుట్టిన సంస్థల పునాదిలోనే మరొక సమాజానికి జరిగిన నష్టం ఉంది.

ఈ రెండు అనుభవాలు కలవడం యాదృచ్ఛికం కాదు. ఠాగూర్ తన కుమారుడు రథీంద్రనాథ్‌ను 1906లో వ్యవసాయం చదవడానికి ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి పంపారు. అది ల్యాండ్ గ్రాంట్ సంస్థ. 1921లో న్యూయార్క్‌లో ఆయనకు పరిచయమైన ఇంగ్లీషు యువకుడు లియొనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ అప్పుడు కార్నెల్‌లో వ్యవసాయం చదువుతున్నారు. కార్నెల్ కూడా ఆ కోవకు చెందినదే. బెంగాల్ పల్లెల్లో పనిచేయడానికి రమ్మని ఠాగూర్ ఆయనను ఆహ్వానించారు.

3. సురుల్‌లో తొలి రోజులు

విశ్వభారతి 1921 డిసెంబరులో లాంఛనంగా ఏర్పడింది. 1922 ఫిబ్రవరి 6న బీర్భూమ్ జిల్లా సురుల్ గ్రామంలో దాని గ్రామ పునర్నిర్మాణ కేంద్రం ప్రారంభమైంది. ఠాగూర్ 1912లోనే అక్కడ ఒక పాత బంగళా కొని ఉంచారు. ఎల్మ్‌హర్స్ట్ తొలి సంచాలకులు. ఖర్చులకు అమెరికాకు చెందిన డొరొతీ స్ట్రెయిట్ నిధులు ఇచ్చారు. ఈ కేంద్రానికే తరవాత శ్రీనికేతన్ అన్న పేరు స్థిరపడింది.

ఎల్మ్‌హర్స్ట్ చదివి వచ్చింది వ్యవసాయ శాస్త్రం. కాని పల్లెల్లో అడుగుపెట్టగానే సమస్య పంటతో మొదలు కావడం లేదని తేలింది. ఆయన గుర్తించిన ప్రధానమైన అడ్డంకులు మూడు: పంటను పాడుచేసే కోతులు, మనిషిని లేవనీయని మలేరియా, ఒకరంటే ఒకరికి నమ్మకం లేకపోవడం. జ్వరంతో మంచం పట్టిన రైతుకు మేలైన విత్తనం గురించి చెప్పి ప్రయోజనం లేదు. పక్కవాడిని నమ్మని రైతు సహకార సంఘంలో చేరడు.

మరో అడ్డంకి విద్యార్థుల్లోనే ఉంది. అక్కడ చేరిన భద్రలోక కుటుంబాల పిల్లలకు పారిశుద్ధ్య పని అంటే అది వేరే కులాల వారు చేసేది. మరుగుదొడ్ల మలాన్ని గుంటల్లో పూడ్చి ఎరువుగా మార్చే పనికి ఎల్మ్‌హర్స్ట్ ముందుగా తానే దిగారు. తరవాత విద్యార్థులు కలిశారు. ఊరిని మార్చడానికి బయలుదేరిన సంస్థ మొదట తన లోపలి కులభావనను ఎదుర్కోవలసి వచ్చిందని గమనించండి.

4. పనితీరు

శ్రీనికేతన్ కార్యక్రమాలను నాలుగు అంశాల కింద చూడవచ్చు.

(అ) సర్వే: కాళీమోహన్ ఘోష్ వంటి కార్యకర్తలు ఊరూరా తిరిగి కుటుంబాలు, భూములు, అప్పులు, రోగాల వివరాలు సేకరించారు. ముందుగా వినడం, తరవాతే పథకం వేయడం అన్న పద్ధతి దీనివల్ల అలవడింది.

(ఆ) ఆరోగ్యం: మొదట చికిత్సాలయం నడిపారు. మందులు ఉచితంగా ఇస్తూ పోతే ఏటా అదే జ్వరం తిరిగి వస్తుంది. అందుకే 1930ల నుంచి ఆరోగ్య సహకార సంఘాలు ఏర్పరిచారు. సభ్య కుటుంబాలు చందా కట్టాయి, వైద్యుడి సేవలు పొందాయి. నీటి గుంటలు పూడ్చడం, కాలువలు బాగుచేయడం గ్రామస్థుల శ్రమతో జరిగింది. ఇక్కడ గ్రామస్థుడు రోగి మాత్రమే కాదు, సంఘ సభ్యుడు కూడా. ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు ఇదే. చందా కట్టినవాడికి లెక్క అడిగే హక్కు వస్తుంది. లెక్క అడగగలిగినప్పుడే భాగస్వామ్యం అన్న మాటకు అర్థం ఉంటుంది.

(ఇ) జీవనోపాధి: నేత, తోలు పని, లక్క పని, కుమ్మరం వంటి వృత్తుల్లో శిక్షణ ఇచ్చారు. 1927లో సహకార కేంద్ర బ్యాంకు ఏర్పడింది. శాంతినికేతన్ కళాకారుల రూపకల్పన, స్థానిక చేతివృత్తుల వారి నైపుణ్యం ఇక్కడ కలిశాయి. బీర్భూమ్ వస్తువులకు ఈనాటికీ ఉన్న పేరుకు ఇది ఒక కారణం.

(ఈ) విద్య, సంస్కృతి: పేద గ్రామీణ బాలల కోసం 1924లో శిక్షాసత్ర అనే పాఠశాల మొదలైంది. 1928లో హలకర్షణ ఉత్సవం ఆరంభించి, ఠాగూర్ స్వయంగా నాగలి పట్టారు. 1930ల చివరి భాగంలో లోకశిక్షా సంసద్ ఏర్పడింది. బడికి వెళ్ళలేని పెద్దలు ఇంటివద్ద చదువుకుని పరీక్షలు రాయడానికి ఇది వీలు కల్పించింది. వారి కోసం సులభమైన పుస్తకాలు వెలువడ్డాయి. ఠాగూర్ రాసిన విజ్ఞానశాస్త్ర పరిచయ గ్రంథం ‘విశ్వపరిచయ్’ 1937లో ఆ వరుసలోనే వచ్చింది. ఇంటి దగ్గర కూర్చుని ఈ పుస్తకం చదువుతున్న మీకు ఆ ప్రయత్నం కొత్తగా అనిపించదు.

5. పరిమితులు

శ్రీనికేతన్ విజయగాథ మాత్రమే కాదు. మొదటిది, అది చాలాకాలం విదేశీ దాత నిధుల మీద ఆధారపడింది. రెండవది, భూమి సంబంధాల జోలికి అది వెళ్ళలేదు. కౌలుదారు, వ్యవసాయ కూలీ, సంతాల్ కుటుంబాలు ఆరోగ్య సంఘం వల్ల కొంత లాభం పొందినా, పొలం మీద హక్కు పొందలేదు. స్థాపకుడు స్వయంగా జమీందారు కావడం ఇక్కడ గుర్తుంచుకోవాలి. మూడవది, పని చుట్టుపక్కల కొద్ది గ్రామాలకే పరిమితమైంది. 1951లో విశ్వభారతి కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. దానితో నిధులకు స్థిరత్వం వచ్చింది. అయితే విశ్వవిద్యాలయంలో ఒక విభాగంగా మారిన సంస్థకు, ఊరితో బతికే సంస్థకు మధ్య తేడా ఉంటుంది.

6. తెలుగు ప్రాంతంతో సంబంధం

ఠాగూర్ 1933 డిసెంబరులో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉపన్యాసాలు ఇచ్చారు. అవి ‘మ్యాన్’ అనే పుస్తకంగా వచ్చాయి. అప్పటి ఉపాధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం మరుసటి సంవత్సరం ఇచ్చిన నివేదికలో గ్రామీణ విశ్వవిద్యాలయాలు అవసరమని సిఫారసు చేసింది.

ల్యాండ్ గ్రాంట్ పద్ధతి మన దగ్గరకు మరో దారిలో కూడా వచ్చింది. 1964లో హైదరాబాదులోని రాజేంద్రనగర్ కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. బోధన, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే గొడుగు కింద ఉండాలన్నది దాని సూత్రం. కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం ఇందుకు సహకరించింది. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం మన రాష్ట్రంలో ప్రారంభమైంది. ఇప్పుడది డా. బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం.

వీటిలో పరిజ్ఞానం ఊరి దాకా చేరింది. కాని పరిశోధన దేని మీద జరగాలో చెప్పే అవకాశం రైతుకు, చేనేత కార్మికుడికి, విద్యార్థికి ఎంత ఉంది? శ్రీనికేతన్ లేవనెత్తిన ఈ ప్రశ్నకు జవాబు ఇంకా వెతకవలసే ఉంది. మీ ఊరి గురించి మీకు తెలిసినంత ఏ ఆచార్యుడికీ తెలియదు. ఆ తెలివిడిని కూడా పాఠంలో భాగం చేసుకోగలిగినప్పుడే విశ్వవిద్యాలయం తన పరిసరాలకు చెందినది అవుతుంది.

7. సారాంశం

విశ్వవిద్యాలయం, సమాజం కలిసి పనిచేయడం అంటే ఒకరు ఇవ్వడం, మరొకరు పుచ్చుకోవడం కాదు. సమస్యను ఎవరు నిర్ణయిస్తున్నారు, శ్రమలోనూ ఖర్చులోనూ ఎవరికి పాలు ఉంది, లెక్క ఎవరు అడగగలరు అన్న మూడు ప్రశ్నలతో అలాంటి ప్రయత్నాలను అంచనా వేయవచ్చు. శ్రీనికేతన్ ఆరోగ్య సంఘాలు ఈ పరీక్షలో చాలావరకు నిలిచాయి. భూమి విషయంలో ఆ ప్రయోగం నిలవలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. శ్రీనికేతన్ ఏర్పాటుకు దారితీసిన రెండు అనుభవాలను వివరించండి.
2. ఉచిత చికిత్సకు, ఆరోగ్య సహకార సంఘానికి మధ్య తేడా ఏమిటి?
3. శ్రీనికేతన్ పరిమితులను చర్చించండి.
4. మీకు దగ్గరలో ఉన్న కళాశాల లేదా అధ్యయన కేంద్రం మీ ఊరితో కలిసి చేయగలిగిన ఒక పనిని ఎంచుకుని, పై మూడు ప్రశ్నల ఆధారంగా ఒక పేజీ రాయండి. రాసే ముందు ఆ పనితో సంబంధం ఉన్న ఇద్దరు గ్రామస్థులతో మాట్లాడండి.