రాజుగారి ముఖం మీద రంపం

ఇటలీలోని కరారా గనుల్లో పాలరాయి కోసే పనివాళ్లను 1960ల్లో ఈజిప్టు ఎడారికి రప్పించారు. ప్రాచీన ఈజిప్టు రాజు రెండో రామ్సెస్ కొండలో తొలిపించిన అబూ సింబెల్ ఆలయాన్ని ముక్కలు చేయాలి. శిల్పాలున్న చోట ఇసుకరాయి మర రంపానికి తట్టుకోదు. అక్కడ చేతి రంపాలే దిక్కు. కోత వెడల్పు కొన్ని మిల్లీమీటర్లకు మించకూడదు. పెచ్చులు రాలకుండా రాతిలోకి ముందే జిగురు ఎక్కించారు. నైలు నీరు పొంగి రాకుండా అడ్డుకట్ట వేశారు. అలా వెయ్యికి పైగా దిమ్మెలు, ఒక్కోటి ఇరవై ముప్పై టన్నులవి, 65 మీటర్ల ఎత్తుకు చేరాయి. 1964లో మొదలైన పని 1968లో ముగిసింది. ఇప్పుడు గుడి వెనక కనబడే కొండ లోపల కాంక్రీటు గుమ్మటం ఉంది.

అస్వాన్ ఆనకట్ట నీటిలో గుడి మునిగిపోతుంది కనుకే ఇంత అవసరం వచ్చింది. ఆ ఆనకట్టకు ధనసాయం చేస్తామన్న అమెరికా 1956లో వెనక్కి తగ్గింది. సోవియట్లు ముందుకొచ్చారు. 1960 మార్చి 8న యునెస్కో ప్రపంచాన్ని చేయి చాచి అడిగితే, ఆనకట్టకు పైసా ఇవ్వని అమెరికాయే అబూ సింబెల్‌కు పెద్ద మొత్తం ఇచ్చింది. ఇదంతా ఉత్త ఉదారత అనుకోనక్కర్లేదు. తవ్వకాల్లో దొరికిన వాటిలో సగం విదేశీ బృందాలకిస్తామని ఈజిప్టు ముందే మాటిచ్చింది. దెందూర్ గుడి న్యూయార్క్‌కు, దెబోద్ గుడి మాడ్రిడ్‌కు సాయానికి ప్రతిఫలంగా తరలినవే. బేరం కుదిరింది కనుకే పని జరిగిందని నా అభిప్రాయం.

ముంపు నుంచి పాత కట్టడాలను కాపాడుకోవడం మనకు కొత్త కాదు. నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగేనాటికే నాగార్జునకొండ లోయలో పురావస్తు శాఖ తవ్వకాలు సాగుతున్నాయి. ముంపునకు గురయ్యే కట్టడాల్లో కొన్నింటిని కొండ మీదికి చేర్చి మళ్లీ నిలబెట్టారు. అదే శాఖ 1961-62లో పురావస్తువేత్త బి.బి. లాల్ నాయకత్వంలో, అబూ సింబెల్ ఉన్న నూబియా ప్రాంతానికీ ఒక బృందాన్ని పంపింది. వాళ్లు అఫియే దగ్గర తవ్వారు.

రాళ్లకు దక్కిన శ్రద్ధ మనుషులకు దక్కలేదు. ఈజిప్టు, సూడాన్‌లలో కలిపి సుమారు లక్షమంది నూబియన్లు ఊళ్లొదిలారు. ఈజిప్టు వాళ్లను కొమ్ ఓంబో వైపు, సూడాన్‌లోని వాదీ హల్ఫా వాళ్లను ఎక్కడో దూరాన ఉన్న ఖష్మ్ ఎల్ గిర్బాకు తరలించారు. యునెస్కో ఉద్యమం 1980లో ఘనంగా ముగిసింది. నూబియన్లను సొంత ప్రాంతాలకు పదేళ్లలో తిరిగి చేర్చే పథకాలు చేపడతామని ఈజిప్టు తన రాజ్యాంగంలో రాసుకున్నది మాత్రం 2014లో. ఆ గడువు 2024తో దాటిపోయింది.