‘అస్త్ర’ శబ్దం: వ్యుత్పత్తి, అర్థపరిణామం

ఉపోద్ఘాతం

విసిరేది అస్త్రం, చేతపట్టి ప్రయోగించేది శస్త్రం అనే నిర్వచనం తెలుగు పాఠకులకు సుపరిచితం. ఈ విభజన శబ్దాల పుట్టుకలోనే ఉన్నదా, లేక శాస్త్రకారులు తరువాత ఏర్పరచినదా అన్నది పరిశీలించవలసిన విషయం. ప్రాచీన గ్రంథాలలో ఈ పదాలకు అర్థం చెప్పే పద్ధతి ఈ ప్రశ్నకు వచ్చే సమాధానంపైనే ఆధారపడి ఉంటుంది.

వ్యుత్పత్తి

‘అస్త్రం’ దివాది గణానికి చెందిన, విసరడం అనే అర్థం గల ‘అస్’ ధాతువు నుండి ఏర్పడింది. ఋగ్వేదంలో విలుకాడిని ‘అస్తృ’ అనడం ఈ ధాతువు వల్లనే. ‘శస్త్రం’ హింసార్థకమైన ‘శస్’ ధాతువు నుండి పుట్టింది. కరణార్థంలో ‘ష్ట్రన్’ ప్రత్యయాన్ని విధించే పాణిని సూత్రం (3.2.182) పేర్కొన్న ధాతువులలో ‘శస్’ ఉన్నది గాని, ‘అస్’ లేదు. ‘అస్త్ర’ రూపాన్ని ఉణాది ప్రక్రియతో సాధించవలసి ఉంటుంది.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటున్నది. అస్త్రానికి పేరు చలనాన్ని బట్టి వచ్చింది. శస్త్రానికి ఫలితాన్ని బట్టి వచ్చింది. చేతపట్టడం అనే భావం ‘శస్’ ధాతువులో లేదు. కనుక వ్యుత్పత్తి దృష్ట్యా ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావు. విసరబడి గాయపరచే బాణం రెండు పేర్లకూ తగినదే. అమరకోశం ఆయుధ, ప్రహరణ, శస్త్ర, అస్త్ర శబ్దాలను పర్యాయాలుగా చెప్పడం ఈ దృష్టికి అనుకూలంగా ఉన్నది. సుశ్రుతుడు చెప్పిన ఇరవై శస్త్రాలు వైద్యుని పనిముట్లు. ‘శస్త్రచికిత్స’ అనే మాటలో నేటికీ నిలిచినది కోయడమనే భావమే.

శాస్త్రకారుల విభజన

కౌటిల్యుని ఆయుధాగారాధ్యక్ష ప్రకరణంలో స్థితయంత్రాలు, చలయంత్రాలు, ధనుస్సులు, ఖడ్గాలు, క్షురకల్పాలు వంటి వర్గాలున్నాయి గాని, అస్త్ర-శస్త్ర ద్వంద్వం వర్గీకరణకు ఆధారం కాలేదు. అగ్నిపురాణంలోని ధనుర్వేద భాగం యంత్రముక్తం, పాణిముక్తం, ముక్తసంధారితం, అముక్తం, బాహుయుద్ధం అని ఐదు విధాలు చెప్పింది. విడవడం, విడవకపోవడం అనే భేదానికి ఇక్కడ ప్రాధాన్యం వచ్చింది. మధుసూదన సరస్వతి ‘ప్రస్థానభేదం’లో ముక్తాన్ని అస్త్రమనీ, అముక్తాన్ని శస్త్రమనీ స్పష్టంగా నిర్వచించాడు. నేడు ప్రచారంలో ఉన్న నిర్వచనానికి ఇది సన్నిహిత రూపం.

ఇతిహాసాలలో మరొక పరిణామం కనిపిస్తుంది. సౌప్తిక పర్వంలో అశ్వత్థామ ప్రయోగించినది గడ్డిపోచ. దానిని బ్రహ్మశిరోస్త్రంగా మార్చినది మంత్రం. అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించగలిగాడు, అశ్వత్థామకు అది సాధ్యం కాలేదు. ఇక్కడ అస్త్రమంటే విసిరే వస్తువు కాదు, అభిమంత్రణతో ఆవాహన చేసిన శక్తి. ‘అస్త్రవిద్య’ నేర్వడమంటే ప్రయోగంతోపాటు ఉపసంహారాన్నీ నేర్వడం.

తెలుగులో ధాతువు జాడలు

ధనుస్సుకు పర్యాయమైన ‘శరాసనం’ బాణాలకు ఆసనం కాదు. శరములను విసరునది (శర + అసనం). కూర్చోవడం అనే అర్థం గల ‘ఆస్’ వేరు, ఈ ‘అస్’ వేరు. సవర్ణదీర్ఘ సంధి వల్ల రెండింటి భేదం మరుగున పడుతుంది. న్యాసం, విన్యాసం, అభ్యాసం, సమాసం, ఉపన్యాసం, వ్యాసం కూడా ‘అస్’ ధాతుజన్యాలే. ‘అస్త్రసన్న్యాసం’ అనే సమాసంలో ఇదే ధాతువు రెండుసార్లు వినిపిస్తుంది: విసరదగినదానిని పూర్తిగా పడవేయడం.

దేశ్యంగా తెలుగుకు అమ్ము, ఈటె, వడిసెల, బాణాన్ని విడవడానికి ‘ఏయు’ క్రియ ఉన్నాయి. ఆధునిక కాలంలో స్థిరపడిన ‘క్షిపణి’ సైతం విసరడం అనే అర్థం గల ‘క్షిప్’ ధాతువు నుండి వచ్చినదే. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే భారత్ డైనమిక్స్ ఉత్పత్తి చేస్తున్న గగనతల క్షిపణికి ‘అస్త్ర’ అని పేరు పెట్టడంతో, మంత్రార్థం వైపు సాగిన పదం తిరిగి ధాత్వర్థానికి చేరింది.

ముగింపు

అస్త్రానికి విసరడమనే అర్థం ధాతుసిద్ధం. శస్త్రానికి చేతపట్టడమనే అర్థం శాస్త్రకృతం. అందువల్ల ఒక గ్రంథంలో ఈ పదాలు కనిపించినప్పుడు ప్రచారంలో ఉన్న నిర్వచనాన్ని ఆరోపించక, ఆ గ్రంథం వాటిని పర్యాయాలుగా వాడినదో, వర్గాలుగా వాడినదో ముందుగా నిర్ణయించుకొనడం సమంజసం.