ఖైదీ విడుదలకు ముందు చాటింపు

చెరసాల తలుపు తెరచి ఖైదీని విడిచిపెట్టేటప్పుడు, అతని వలన నష్టపోయినవానికి ఆ కబురు అందవలెనా? ఈ ప్రశ్న నేటి న్యాయస్థానాలలో పుట్టినది కాదు. ఇస్లామీయ న్యాయవేత్తలు వెయ్యేండ్లకు పూర్వమే దీనిని పరిశీలించి, నియమములు ఏర్పరచియున్నారు.

దివ్య ఖుర్ఆన్ (17:33) అన్యాయముగా హతుడైనవాని వారసునికి అధికారమిచ్చినది. 2:178లో క్షమాపణకు, రక్తపరిహారానికి మార్గము చూపినది. ప్రతీకారము కోరుట, దియా స్వీకరించుట, క్షమించుట అను మూడింటిలో ఒకదానిని ఎన్నుకొనే హక్కు వారసునిది. అయితే నిందితుడు ఎక్కడ ఉన్నాడో, వ్యవహారము ఎంతవరకు వచ్చినదో తెలియనివాడు దేనిని ఎన్నుకోగలడు? అందుచేతనే వారసులలో ఒకడు దూరదేశమున ఉన్నచో అతడు వచ్చువరకు ఆగవలెనని హనఫీ, షాఫయీ, హంబలీ న్యాయవేత్తలు నిర్ణయించారు.

వారసుడు పసివాడైతే ఏమి చేయవలెను? దీనికి హంబలీ న్యాయవేత్తలు చూపే దృష్టాంతము హజ్రత్ ముఆవియా (రజి) పాలనాకాలము (హిజ్రీ 41–60) నాటిది. హుద్‌బా అను కవి జియాదా అనువానిని చంపాడు. హతుని కుమారుడు యుక్తవయస్కుడగువరకు హుద్‌బాను చెరలో ఉంచారు. పిల్లవాడు పెద్దవాడైన పిదప మదీనా ప్రముఖులు ఏడు దియాలు ఇవ్వజూపినా అతడు అంగీకరించలేదు. ఆ నిర్ణయము కఠినమైనదే. కాని అతని తరఫున మరెవ్వరూ నిర్ణయించలేదు.

ఖైదీల సంగతి ‘అదబుల్ ఖాజీ’ గ్రంథాలలో వివరముగా ఉన్నది. ఈ విషయముపై వ్రాసినవారిలో అల్ ఖస్సాఫ్ (మరణము హిజ్రీ 261) ప్రసిద్ధుడు. మర్గీనానీ (మరణము హిజ్రీ 593) తన ‘హిదాయా’లో చెప్పిన పద్ధతి ఇది: కొత్తగా పదవిలోకి వచ్చిన ఖాజీ ముందుగా ఖైదీలను విచారించవలెను. తప్పు ఒప్పుకొన్నవానిని ఉంచవలెను. కాదన్నవానిపై సాక్ష్యము లేకపోయినా, వెంటనే విడిచిపెట్టరాదు. ఇతనిపై హక్కు గలవారు రావలెనని చాటింపు వేయించవలెను. ఎవరూ రాకపోతే అతనిని విడుదల చేయవలెను.

నాటి చెరసాలలలో అప్పుపడినవారు కూడా ఉండేవారు గనుక ఈ నియమము నేరస్థులకే పరిమితము కాదు. ఇందులో ఇరుపక్షాలకూ న్యాయమున్నది. హక్కుదారునికి తెలియకుండా తలుపు తెరువరు. హక్కుదారుడు రానందున ఖైదీని కలకాలము బంధించరు.

హిందూదేశమున ఈ స్థితి కారన్‌వాలిస్ కాలములో మారినది. హతుని వారసుల క్షమాపణ హంతకుని శిక్షను ఆపరాదని 1790లో కంపెనీ ప్రభుత్వము శాసించినది. ధనవంతులు పేద వారసులను బెదిరించియో, డబ్బిచ్చియో క్షమాపణ సంపాదించే ప్రమాదము లేకపోలేదు. కాని ఆ మార్పుతో నేరము ప్రభుత్వానికీ నిందితునికీ మధ్య వ్యవహారమై, బాధితుడు కేవలము సాక్షిగా మిగిలిపోయాడు.

అతడు తిరిగి న్యాయస్థానములో చోటు పొందుటకు రెండు శతాబ్దాలకు పైగా పట్టినది. 2009లో అమలులోకి వచ్చిన సవరణ బాధితునికి అప్పీలు హక్కు ఇచ్చినది. బెయిలు విచారణతో సహా ప్రతి దశలోను బాధితునికి తన మాట వినిపించే హక్కు ఉన్నదని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 18న లఖింపూర్ ఖేరీ కేసులో తీర్పు చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 193వ సెక్షన్ ప్రకారము పోలీసులు దర్యాప్తు పురోగతిని 90 రోజులలోగా బాధితునికి తెలుపవలెను.

అయితే ఆ సెక్షన్ దర్యాప్తునకు సంబంధించినది. జైలు నుండి విడుదల సంగతి అందులో లేదు. తనకు హాని చేసినవానిని ఒకనాడు వీధిలో ఎదురుగా చూచి గాని విడుదల సంగతి తెలియని స్త్రీకి 90 రోజుల నియమము ఏ ధైర్యమివ్వగలదు? చెరసాల తలుపు తెరువక ముందే చాటింపు వేయించిన ఆ పాత ఖాజీల జాగ్రత్త ఇక్కడనే స్మరణీయము.