ఎన్నికల లెక్క – గడువు ఎవరి పక్షం?

లెక్క అనే మాటకు మన తెలంగాణ పల్లెల్లో వొక చరిత్ర వున్నది. నిజాం పాలనలో నకిరేకల్, సూర్యాపేట, రామన్నపేట ప్రాంతాల రైతుకు లెక్క అంటే పట్వారీ చంకలోని దస్తరం, షావుకారు గద్దె మీది ఖాతా పుస్తకం, దొర గడీలో రాసిపెట్టిన బాకీ. ఆ పుస్తకాల్లో ఏమున్నదో రైతుకు తెలియదు. నాగుకు తెచ్చుకున్న గింజలు ఏటికేడాది ఎట్లా పెరిగి తన కొడుకును జీతగానిగా మార్చినవో తెలియదు. తెలిసిందల్లా వొక్కటే: లెక్క అడిగేవాడు దొర, చెప్పుకోవలసినవాడు తాను. ఎప్పుడు చెప్పాలో నిర్ణయించేది గూడా దొరే.

1946 నుంచి 1951 దాకా నల్లగొండ గడ్డ మీద సాగిన రైతాంగ సాయుధ పోరాటం భూమి కోసం, వెట్టి నిర్మూలన కోసం జరిగిందని మనం సరిగానే చెప్పుకుంటాం. అది లెక్క పుస్తకం మీద జరిగిన పోరాటం గూడా. అందుకనే జనం అప్పు పత్రాలను తగలబెట్టారు. ఆ పోరాటం ముగిసిన వెంటనే వచ్చిన వయోజన ఓటు, చట్టం కాగితం మీదనైనా, యీ సంబంధాన్ని తలకిందులు చేసింది. ఇకమీదట లెక్క చెప్పవలసినవాడు ఓటు అడిగేవాడు, అడిగే హక్కు గలవాడు ఓటరు.

ఐతే లెక్క ఎప్పుడు చెప్పాలి? చూడడానికి యిది గుమాస్తాలకు సంబంధించిన చిన్న ప్రశ్న. కాని ధనబలానికీ ప్రజాబలానికీ మధ్య నడిచిన పెనుగులాట అంతా యీ చిన్న ప్రశ్న చుట్టూ తిరిగిందని చరిత్ర చూస్తే తెలుస్తుంది.

ఎన్నికల ఖర్చుకు హద్దు గీసి, లెక్కకు గడువు పెట్టిన ప్రసిద్ధ చట్టం 1883లో ఇంగ్లండులో వచ్చింది. అంతకుముందు అక్కడ సారా పోసి, బంగారం పంచి పార్లమెంటు స్థానాలు కొనుక్కునేవారు. పారిశ్రామిక విప్లవం తర్వాత కార్మికులకు ఓటు హక్కు విస్తరించినకొద్దీ, కొనవలసిన ఓట్లు పెరిగి ఆ పద్ధతి పెద్దలకే భారమయింది. పెద్దల భారమూ ప్రజల కోరికా కలిసిన చోట ఆ చట్టం పుట్టింది. ఫలితం వెలువడిన 35 రోజుల్లో అభ్యర్థి తరఫు ఏజంటు ఖర్చుల లెక్క దాఖలు చేయాలన్నది అందులోని నియమం. అమెరికాలో 1910లో వచ్చిన సమాఖ్య చట్టం గూడా మొదట ఎన్నిక తర్వాత 30 రోజుల్లో లెక్క చెప్పమన్నది. ఆ మరుసటి యేడే, 1911లో, ఎన్నికకు ముందే వొకసారి లెక్క చెప్పాలని దాన్ని సవరించారు. యీ సవరణను పాఠకులు గుర్తుంచుకోవాలి. దాని సంగతి చివర చెప్పుకుందాం.

మనం ఇంగ్లండు దారి పట్టాము. 1951 ప్రజా ప్రాతినిధ్య చట్టం అభ్యర్థి ఖర్చుకు పరిమితి పెట్టింది, లెక్క చెప్పమన్నది. మొదటి సాధారణ ఎన్నికల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చుకు పరిమితి 25,000 రూపాయలు. హైదరాబాదు రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం వున్నందున దాని అభ్యర్థులు ప్రజాతంత్ర కూటమి పేరుతో నిలబడ్డారు. నల్లగొండ నుంచి లోక్‌సభకు పోటీచేసిన రావి నారాయణరెడ్డికి జవహర్‌లాల్ నెహ్రూకు వచ్చినవాటికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినవి. 1957లో నకిరేకల్ నుంచి శాసనసభకు బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. తర్వాత నర్రా రాఘవరెడ్డి యిదే నకిరేకల్ నుంచి 1967, 1978, 1983, 1985, 1989, 1994 సంవత్సరాల్లో ఆరుసార్లు గెలిచారు. కాలినడకన తిరిగి, పాటతో, బుర్రకథతో జనాన్ని కూడగట్టిన ప్రచారం అది. ఆనాడు డబ్బు లేదని గాదు. దొరల వద్దా, వ్యాపారుల వద్దా అది నిండుగానే వున్నది. కాని జనం నిలబడినచోట అది వొక్కటే గెలిపించలేకపోయింది. యిది స్వర్ణయుగమని కీర్తించడానికి చెప్పడం లేదు. ధనబలం ప్రకృతి ధర్మం కాదనీ, దానికి వొక చరిత్ర వున్నదనీ చెప్పడానికి మాత్రమే.

ఇప్పుడు చట్టంలోని రోజులను లెక్కిద్దాం. 77వ సెక్షన్ ప్రకారం నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం ప్రకటించిన రోజు దాకా అయిన ప్రతి ఖర్చునూ అభ్యర్థి విడిగా రాసిపెట్టాలి. 78వ సెక్షన్ ప్రకారం ఫలితం వచ్చిన 30 రోజుల్లో ఆ లెక్కను జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టరుకు, అప్పగించాలి. సరైన కారణం లేకుండా గడువు దాటబెట్టినవారిని మూడేండ్లపాటు పోటీకి అనర్హులుగా చేసే అధికారాన్ని 1966 సవరణలో చేర్చిన 10ఎ సెక్షన్ ఎన్నికల సంఘానికి యిచ్చింది. 1961 నియమావళి మరి రెండు మంచి పనులు చేసింది. లెక్క అందిన రెండు రోజుల్లో ఆ సంగతి తన నోటీసు బోర్డు మీద అంటించాలని అధికారిని ఆదేశించింది. వొక్క రూపాయి రుసుము కట్టిన ఏ మనిషి అయినా ఆ లెక్కను తనిఖీ చేసుకోవచ్చునన్నది.

వొక్క రూపాయి! పాలేరు గూడా యిచ్చుకోగలిగిన రుసుము. యింతకన్నా ప్రజాస్వామికమైన నియమం వుంటుందా అని మనకు తోస్తుంది. ఐతే మిగతా రోజులను గూడా లెక్కబెట్టాలి. పరిమితికి మించి ఖర్చు పెట్టడం చట్టరీత్యా అవినీతి చర్య. దాని ఆధారంగా ఎన్నికను రద్దు చేయించదలచిన ఓటరు హైకోర్టులో పిటిషన్ వేయాలి. అందుకు 81వ సెక్షన్ యిచ్చిన గడువు ఫలితం వచ్చిన నాటి నుంచి 45 రోజులు. అభ్యర్థి తన లెక్కను చివరి రోజున, 30వ రోజున, అప్పగిస్తే, మరి రెండు రోజులకు నోటీసు పడితే, ఓటరుకు మిగిలేది 13 రోజులు. ఆ 13 రోజుల్లో అతడు నల్లగొండ పోవాలి, రూపాయి కట్టాలి, లెక్క చదవాలి, తన ఊళ్ళో చూసిన జీపులకూ, పంచిన సీసాలకూ, కట్టిన తోరణాలకూ దాంతో పొంతన చూసుకోవాలి, సాక్ష్యం కూడగట్టాలి, వకీలును పెట్టుకుని హైదరాబాదులో కేసు దాఖలు చేయాలి. కూలికి పోతే గాని పొయ్యి వెలగని మనిషికి యిది సాధ్యమా? హక్కు వున్నది, తలుపు తెరిచే వున్నది. కాని ఆ తలుపు తెరిచివుండే వ్యవధిని పేదవాని నడక చూసి నిర్ణయించలేదు.

యింతలో మరొక ప్రశ్న వచ్చింది. అభ్యర్థి ఖర్చు సరే, పార్టీ పెట్టిన ఖర్చు మాటేమిటి? కన్వర్‌లాల్ గుప్తా, అమర్‌నాథ్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు 1974 అక్టోబరు 3న తీర్పు చెబుతూ, అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చు గూడా అభ్యర్థి లెక్కలోనే చేరుతుందన్నది. ధనికుని పార్టీ కొంగు చాటున దాక్కోనివ్వకూడదన్నది ఆ తీర్పు సారాంశం. ఆ నెల గడవకముందే ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, తర్వాత చట్టాన్నే సవరించి, పార్టీ ఖర్చునూ స్నేహితుల ఖర్చునూ లెక్క నుంచి బయటపడవేసింది. పేదల కోసం చేయవలసిన చట్టాలకు దశాబ్దాలు పడితే దీనికి రెండు వారాలు పట్టింది. తిరిగి 2003 సవరణ వచ్చేదాకా ఆ కంత అట్లాగే వున్నది. ఆ సవరణ తర్వాత గూడా పేరున్న నాయకుల ప్రయాణ ఖర్చులను లెక్క నుంచి మినహాయించారు. పార్టీ పెట్టే మొత్తం ఖర్చుకు యీనాటికీ పరిమితి లేదు.

పార్టీలు గూడా ఎన్నికల ఖర్చు లెక్క చెప్పాలన్న నియమం 1996 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కామన్ కాజ్ కేసులో యిచ్చిన తీర్పు తర్వాత ఏర్పడింది. శాసనసభ ఎన్నికలైతే 75 రోజులు, లోక్‌సభ ఎన్నికలైతే 90 రోజులు గడువు. పిటిషన్ గడువు 45 రోజులని పైన చెప్పుకున్నాం. అంటే పార్టీ లెక్క బయటపడవలసిన నాటికి కోర్టు తలుపు మూసుకుని నెల దాటుతుంది. పంట కోసి, కల్లమెత్తి, గింజలు గాదెకెక్కిన తర్వాత కొలత బుడ్డి పట్టుకుని వచ్చినట్లున్నది యీ ఏర్పాటు.

1996 సంవత్సరానికి నల్లగొండ చరిత్రలో మరో ప్రాముఖ్యం వున్నది. ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుములు వంగి, కాళ్ళు దొడ్డిపోయిన జనం మొర ఏ ప్రభుత్వమూ వినకపోగా, కృష్ణా నీళ్ళ కోసం ఉద్యమించినవారు జలసాధన సమితి పిలుపుతో వందలకొద్దీ నామినేషన్లు వేశారు. ఆ లోక్‌సభ ఎన్నికలో నల్లగొండ బరిలో మిగిలిన అభ్యర్థులు 480 మంది. ఓటు పత్రం పుస్తకమయింది. ధర్మభిక్షం గెలిచారు. దేశం యీ జిల్లా నీళ్ళ సంగతి మొదటిసారిగా చెవినబెట్టింది.

గడువు చట్టం దృష్టితో యీ ఘటనను చూడండి. ఆ 480 మందిలో ప్రతి వొక్కరూ, కోట్ల అండ వున్నవాడూ నీటి కోసం నిలబడిన రైతూ, 30 రోజుల్లో వొకే విధమైన లెక్క అప్పగించవలసినవారే. దాని కోసం ఆడిటరును పెట్టుకోగలవానికి అది వొక పూట పని. అక్షరం రానివానికి అది మూడేండ్ల అనర్హత తెచ్చిపెట్టగల ఉచ్చు. పంచాయతీ ఎన్నికల్లో యిది మరింత స్పష్టంగా కనిపిస్తుంది. సర్పంచ్ పదవికీ, వార్డుకూ పోటీచేసినవారు 45 రోజుల్లో లెక్కను మండల పరిషత్తు అభివృద్ధి అధికారికి యివ్వాలి. ఓడిపోయినవాడు గూడా యివ్వాలి. ఓడినవాడు లెక్కెందుకు చెప్పాలని ఊరుకుని అనర్హతకు గురయ్యేవారు సాధారణంగా చిన్నవారే. పెద్దచేపను వదిలి పరిగెలను పట్టే వల యిది.

1996 తిరుగుబాటుకు సర్కారు యిచ్చిన జవాబు గూడా గమనించదగ్గది. ఆ యేడే చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 నుంచి 10,000 రూపాయలకు, శాసనసభ ధరావతును 250 నుంచి 5,000కు పెంచారు. తమిళనాడులోని మొదకురిచ్చిలో అదే సంవత్సరం వెయ్యి మందికి పైగా పోటీచేయడం గూడా దీనికి కారణం. నీళ్ళు అడగడానికి బరిలో దిగినవానికి ప్రవేశ రుసుము యిరవై రెట్లయింది. పార్టీల ఖర్చుకు మాత్రం హద్దు రాలేదు.

ఇటీవలి అనుభవం సంగతి. నకిరేకల్‌కు పొరుగునే వున్న మునుగోడులో 2022 నవంబరు 3న ఉప ఎన్నిక జరిగింది. అభ్యర్థి ఖర్చుకు చట్టం గీసిన గీత 40 లక్షలు. ఆ ఎన్నికలో కోట్లు పారినవని పత్రికలన్నీ రాసినవి. ఆ గీతకూ ఆ వార్తలకూ మధ్య వున్న అగాధాన్ని ఏ గడువూ పూడ్చలేదు. ఎందుకంటే చివరకు అప్పగించే లెక్క అభ్యర్థి తాను రాసుకున్నదే. ప్రచార కాలంలో వ్యయ పరిశీలకులు ఖర్చు పుస్తకాన్ని మూడుసార్లు తనిఖీ చేసే పద్ధతి వున్నది. అది మేలే. అబద్ధపు లెక్కను గూడా ఎన్నికల సంఘం విచారించవచ్చునని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అదీ మేలే. కాని యివన్నీ అధికారులకూ అభ్యర్థులకూ మధ్య నడిచే వ్యవహారాలు. ఓటరు ఆ గదిలో లేడు.

గడువు ఎంత పదునైన ఆయుధమో 2024 వసంతంలో దేశమంతా చూసింది. దాతల పేరు దాచిన ఎన్నికల బాండ్ల పథకాన్ని ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసి, వివరాలను మార్చి 6లోగా ఎన్నికల సంఘానికి యివ్వమని భారతీయ స్టేట్ బ్యాంకును ఆదేశించింది. బ్యాంకు జూన్ 30 దాకా గడువు కోరింది. ఆ లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వచ్చింది జూన్ 4న! కోర్టు మార్చి 11న ఆ కోరికను తోసిపుచ్చి, మరునాటి సాయంత్రానికల్లా యివ్వమన్నది. బ్యాంకు యిచ్చింది. మార్చి 14న వివరాలు ప్రజల ముందుకు వచ్చినవి. మూడున్నర నెలలు కావాలన్న పని వొక్క రోజులో అయింది. మే 13న తెలంగాణ ఓటరు పోలింగు కేంద్రానికి పోయేనాటికి, ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంత యిచ్చిందో తెలుసుకోదలిస్తే తెలుసుకునే అవకాశం వున్నది. అదే వాస్తవం జూలైలో బయటపడివుంటే అది చరిత్రకారునికి పనికివచ్చేది గాని ఓటరుకు కాదు.

1911 అమెరికా సవరణ సంగతి యిక్కడ గుర్తుచేసుకోవాలి. యీనాడు అక్కడి ప్రచార సంఘాలు మూడు నెలలకొకసారీ, పోలింగుకు 12 రోజుల ముందు వొకసారీ, తర్వాత 30 రోజులకు మరొకసారీ రాబడి, ఖర్చుల లెక్క చెప్పాలి. అంతమాత్రాన అక్కడ ధనస్వామ్యం అంతమయిందని ఎవరూ అనుకోనక్కరలేదు. అక్కడి శ్రీమంతుల పెత్తనం లోకవిదితం. లెక్క చెప్పించడం వేరు, ధనాన్ని అదుపుచేయడం వేరు. ఐనా వొక సూత్రం మాత్రం మనం తీసుకోదగినది: ఓటుకు ముందు తెలిసిన లెక్కే ఓటరు లెక్క. ఓటు తర్వాత తెలిసేది దస్తరం మాత్రమే.

నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్టుకు బస్తాలు తెచ్చిన రైతు, కాటా అయినాక తక్‌పట్టీ చేతిలో పడందే కదలడు. కాయలెన్ని, ధర ఎంత, కమీషన్ ఎంత అని అక్కడికక్కడే చూసుకుంటాడు. నెల తర్వాత రమ్మంటే ఊరుకోడు. తన నిమ్మకాయల విషయంలో యింత తెలివిడి గల మనిషి తన ఓటు విషయంలో మాత్రం నెల, రెండు నెలలు, మూడు నెలలు ఎందుకు ఆగాలి? అభ్యర్థి, పార్టీ, వారికి డబ్బిచ్చిన దాత, ముగ్గురి లెక్కా పోలింగుకు ముందే ఊరి చావడి గోడ మీద తెలుగులో కనిపించాలి. పిటిషన్ గడువు పార్టీ లెక్క బయటపడిన నాటి నుంచి మొదలు కావాలి. పార్టీ ఖర్చుకు హద్దు వుండాలి. చిన్న అభ్యర్థికి లెక్క రాయడంలో ప్రభుత్వమే సహాయం చేయాలి. యివి గొంతెమ్మ కోరికలు కావు.

అవి వచ్చేలోగా వున్న హక్కునైనా వాడుకోవాలి. రూపాయి రుసుము నియమం పుస్తకాల్లో నిద్రపోతున్నది. ప్రతి ఎన్నిక తర్వాత నల్లగొండ కలెక్టరు కచేరీకి మన యువకులు పదిమంది పోయి, పది రూపాయలు కట్టి, పది లెక్కలు చదివి, ఊరికి వచ్చి వినిపిస్తే చాలు. ఆనాడు తాతలు దొర పుస్తకాన్ని తగలబెట్టవలసి వచ్చింది. యీనాడు మనుమలు పుస్తకం తెరిపించి చదివితే సరిపోతుంది.